గుంటలు తాకట్టు పెట్టకండి, స్కేట్లు మాత్రం విప్పించకండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. నాలుగెకరాల రొయ్యల గుంటలే మాకు ఆధారం. మా అమ్మాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. నాలుగేళ్లుగా ఆదివారాలు నెల్లూరు తీసుకెళ్లి నాలుగు చక్రాల స్కేటింగ్ నేర్పిస్తున్నాం. తోడుంటాడని దాని తమ్ముణ్ణి కూడా అదే క్లాసులో వేశాం, వాడికి 11. అమ్మాయి అంతకుముందు మూడేళ్లు కూచిపూడి నేర్చుకుంది. ఫోన్లో ఒలింపిక్స్ ఐస్ డాన్స్, అదే మంచు మీద జంటగా చేసే నాట్యం, చూసినప్పటి నుంచి దానికి అదే లోకం. ఈ ఏడు రొట్టెల పండక్కి వాళ్లమ్మతో స్వర్ణాల చెరువులో దిగి, విదేశం వెళ్లాలని మొక్కుకుని విదేశీ రొట్టె పట్టుకుంది. ఒక అకాడమీ వాళ్లు 18 లక్షలు కడితే రెండేళ్లు విదేశంలో శిక్షణ ఇప్పించి ఒలింపిక్స్‌కు పంపిస్తామంటున్నారు. రెండెకరాలు తాకట్టు పెడితే ఆ డబ్బు వస్తుంది. మా ఆవిడకు ఇష్టం లేదు. ఎవరో అబ్బాయి నడుము పట్టుకుని తిప్పే ఆట మనకెందుకంటుంది. బంధువులు నవ్వుతున్నారు. అసలిది ఒక బతుకుతెరువేనా? నన్నేం చెయ్యమంటారు? ఉత్తరం వెనక మా అమ్మాయి ఒక బొమ్మ గీసింది, మీకు చూపించమంది.

సమాధానం: నాయనా, ఆ 18 లక్షలు కట్టకండి. ముందు ఆ మాట చెప్పేస్తే తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఈ జవాబు మీకు చేరేలోపే ఎక్కడ సంతకం పెట్టేస్తారోనని నాకు భయంగా ఉంది.

ఒలింపిక్స్‌కు పంపే అధికారం ఏ ప్రైవేటు అకాడమీకీ లేదు. ప్రపంచమంతటా ఈ ఆటను నడిపేది అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్, ఐఎస్‌యూ అంటారు. దాని పోటీలకు పేరు పంపాల్సింది మన దేశపు ఐస్ స్కేటింగ్ అసోసియేషన్ మాత్రమే. ప్రపంచ పోటీలకైతే అదీ చాలదు. అంతకుముందే గుర్తింపు ఉన్న అంతర్జాతీయ పోటీలో ఇన్ని సాంకేతిక మార్కులు తెచ్చుకుని ఉండాలని ఒక గీత గీసి పెట్టారు. ఒలింపిక్స్ దగ్గరికొచ్చేసరికి దారి ఇంకా ఇరుకు. 2022 బీజింగ్‌లో ఐస్ డాన్స్‌కు ప్రపంచం మొత్తం మీద దిగింది 23 జంటలు. మన దేశం నుంచి ఐస్ డాన్స్‌లోనే కాదు, అది ఒక భాగమైన ఫిగర్ స్కేటింగ్ ఏ విభాగంలోనూ ఇంతవరకు ఒక్కరు కూడా ఒలింపిక్స్‌లో ఆడలేదు. అమ్మాయి ఆశ మీద నీళ్లు చల్లడానికి చెప్పడం లేదు ఇది. "పంపిస్తాం" అన్నవాళ్ల మాటకు ఎంత విలువుందో మీకు తెలియాలని చెబుతున్నాను. గుంటలో సీడు వదిలిన రోజే, పట్టుబడి ఇన్ని టన్నులు ఖాయం అని ఎవరైనా కాగితం రాసిస్తే మీరు నమ్ముతారా? ఒక్క రాత్రిలో వైట్ స్పాట్ జబ్బు వచ్చి గుంట ఖాళీ అయిపోవడం చూసినవాళ్లు మీరు.

డబ్బు పోతుందన్న భయం ఒక్కటే కాదు. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో పీఈటీగా పనిచేశాను. ప్రకాశం జిల్లాలో ఉన్నప్పుడు నా దగ్గర లాంగ్ జంప్ చేసే పిల్ల ఒకతి ఉండేది. మంచి కాలు. "ఈ పిల్ల మీద పెట్టండి, వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు" అని వాళ్ల నాన్నకు చెప్పింది నేనే. ఆయన పొగాకు రైతు. ఎకరం అమ్మి దూరపు ఊరికి శిక్షణకు పంపాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఎప్పుడు పిట్ దగ్గర నిలబడినా నాకు కనపడింది ఆ ఎకరమే. ఒక్క ఫౌల్ అయితే ముఖం పాలిపోయేది. రెండేళ్లలో గెంతడమే మానేసింది. తప్పు నాది, ఆ పిల్లది కాదు. మీ రెండెకరాల తాకట్టు బ్యాంకు కాగితాల్లో ఉండదు నాయనా, మీ అమ్మాయి వీపు మీద ఉంటుంది. మంచు మీద ఒంటికాలిపై తిరిగే పిల్లకు అంత బరువు ఎత్తకూడదు.

ఇక ఆట సంగతి. స్కేటింగ్ నేర్పడం నాకు రాదు. అయితే రిటైరయ్యాక ఒక చలికాలమంతా కెనడాలో మా మేనకోడలి ఇంట్లో ఉన్నాను. తెల్లారకముందే వాళ్ల పాపను రింక్‌కు, అంటే స్కేటింగ్ చేసే మంచు మైదానానికి, తీసుకెళ్లే పని నాది. శాలువా కప్పుకుని బెంచీ మీద కూర్చుని గంటల తరబడి చూశాను. అప్పటిదాకా నేను కూడా మీ బంధువుల్లాగే దాన్ని గిర్రున తిరిగే ఒక వేడుక అనుకున్నాను.

ఐస్ డాన్స్ అంతా అంచుల ఆట. బ్లేడు మందం నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దాని అడుగున పొడుగునా సన్నటి గాడి ఉంటుంది. గాడికి ఇటో అంచు, అటో అంచు: లోపలిది, బయటిది. కాళ్లు రెండు, అంచులు రెండు, ముందుకీ వెనక్కీ పోవడం రెండు, వెరసి ఎనిమిది రకాల జారుడు. మిగతా విద్యంతా వీటిలోంచి పుట్టుకొచ్చేదే. అంచు మీద సరిగ్గా ఒరిగితే మంచు మీద విల్లులాంటి గీత పడుతుంది, చప్పుడు కూడా సన్నగా, కొత్త గుడ్డ చింపినట్టు వస్తుంది. ఒరగకుండా నిలువుగా పోతే కరకరమని గీరుకున్నట్టు ఉంటుంది. మొదటి వారం నాకా తేడా తెలియలేదు. నెల తిరిగేసరికి కళ్లు మూసుకుని కూడా ఎవరు బాగా జారుతున్నారో చెప్పగలిగాను. అక్కడి కోచ్ పన్నెండేళ్ల పిల్లలతో ఒకే ఒక్క అంచు మీద అరగంట జారించేది. ఒక్క గెంతు లేదు, ఒక్క గిరగిర లేదు.

పెయిర్స్ అని ఇంకో విభాగం ఉంది. అమ్మాయిని తలపైకెత్తడం, గాల్లోకి విసరడం, మూడేసి చుట్ల గెంతులు అందులోవి. ఐస్ డాన్స్‌లో ఇవేవీ ఉండవు. ఎత్తడాలుంటాయి గానీ అవి కొన్ని సెకన్లే, అబ్బాయి తన తలపైకి చేతులు బారుగా చాపి అమ్మాయిని మోయకూడదు. ఇద్దరూ దగ్గర దగ్గరగా ఉండి, పాటతో పాటు, ఒకే ఒరుగుతో కదలాలి. ట్విజిల్ అనే తిరుగుడు చూసి ఉంటారు: పక్కపక్కనే ఒంటికాలి మీద తిరుగుతూ ముందుకు సాగిపోతారు. ఒకరు పావు చుట్టు వెనకబడినా జడ్జీల కంటికి దొరికిపోతారు. పోటీ రెండు భాగాలు. మొదటిది రిథమ్ డాన్స్, దానికి ఏ తరహా సంగీతమో ఐఎస్‌యూ ఏటా నిర్ణయిస్తుంది. 2023-24లో 1980ల నాటి పాటలన్నారు. రెండోది ఫ్రీ డాన్స్, నాలుగు నిమిషాలు, పాట వాళ్లిష్టం.

13 ఏళ్లంటే ఆలస్యమైపోయిందా అని మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. అవును, కొంత ఆలస్యమే. కెనడా జంట టెస్సా వర్చ్యూ, స్కాట్ మోయిర్ 1997లో జత కట్టేనాటికి ఆమెకు ఏడు, అతనికి తొమ్మిది. 2010లోనూ 2018లోనూ ఒలింపిక్ స్వర్ణం వాళ్లదే. కానీ రెండో స్వర్ణం నాటికి ఆమెకు 28, అతనికి 30. ఈ విద్య పండటానికి కాలం పడుతుంది, పండాక నిలుస్తుంది. పైగా సీనియర్ పోటీలకు కనీస వయసు 15 నుంచి 17కు పెంచాలని 2022లో ఐఎస్‌యూ తీర్మానించింది, చిన్నపిల్లల ఒళ్లు హూనం కాకూడదనే. కాబట్టి మీ అమ్మాయి కొంప మునిగిపోయినట్టు ఇప్పుడే విమానం ఎక్కనక్కర్లేదు.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ జంట జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ గురించి తప్పక చెప్పాలి. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, అతను పోలీసు. డీన్ పదేళ్ల వయసులో క్రిస్మస్ బహుమతిగా వచ్చిన స్కేట్లతో మొదలుపెట్టాడు. ఇద్దరూ మొదట వేరేవాళ్లతో ఆడి, 1975లో జత కట్టారు. ఉద్యోగాలు మానుకుని పూర్తిగా మంచు మీదే ఉండగలిగారంటే ఊరి నగరపాలక సంస్థ గ్రాంటు ఇవ్వబట్టే. 1984 సరజెవో ఒలింపిక్స్‌లో వాళ్ల ఫ్రీ డాన్స్‌కు పన్నెండు సార్లు 6.0, అంటే నూటికి నూరు వేశారు. ఆ మార్కుల పద్ధతి ఇప్పుడు లేదు. వాళ్ల కథలో నాకు ముఖ్యంగా కనపడేది పతకం కాదు, వాళ్లకు ఊళ్లోనే రింక్ ఉండటం. పనైపోయాక వెళ్లగలిగే చోటే మంచు ఉంది.

మనకు లేనిది అదే. మన జిల్లాలో ఐసంటే ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కొట్టి రొయ్యల మీద పరిచేది. రోహిణి కార్తెలో రోడ్డు తారు కరిగే చోట, మైనస్ నాలుగు డిగ్రీల దగ్గర మంచును పొద్దస్తమానం నిలబెట్టాలంటే కరెంటు బిల్లు ఎంతవుతుందో, గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిప్పే మీకు ఒకరు చెప్పాలా? దేశంలో ఏడాది పొడుగునా దొరికే రింకులు వేళ్ల మీద లెక్కే. ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో మాల్ లోపల ఒకటుంది. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకు కట్టిన పెద్ద రింక్ ఏళ్ల తరబడి మూతపడి, 2025లో హిమాద్రి పేరుతో మళ్లీ తెరుచుకుంది. సిమ్లాలోది వందేళ్ల నాటిది గానీ, అది సహజంగా గడ్డకట్టే మంచు, చలికాలంలో కొన్ని వారాలే. హైదరాబాద్ స్నోవరల్డ్ లాంటివి సరదాకు కట్టినవి, శిక్షణకు కాదు.

అందుకని నేను చెప్పేది ఇది. ఇప్పటికి మంచును పక్కన పెట్టి, అంచులు నేర్పించండి. నాలుగు చక్రాల స్కేట్ల మీద కూడా ఒరిగి జారడం ఉంది. త్రీ టర్న్, మోహాక్, బ్రాకెట్, రాకర్, కౌంటర్ అనే తిరుగుళ్లు అక్కడా అవే పేర్లతో ఉన్నాయి. చక్రాల మీద నాట్యంలా చేసే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో సోలో డాన్స్, కపుల్ డాన్స్ అని విభాగాలే ఉన్నాయి. స్టార్‌లైట్ వాల్ట్జ్, పాసో డోబ్లే లాంటి నాట్యాలు రెండింటిలోనూ ఉన్నాయి. మన తెలుగువాడు, హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు, ఒకటి ఒంటరిగా, ఒకటి అవనీ పంచాల్‌తో జంటగా. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. మంచు మీద శిక్షణ లేని ఊరు నుంచి వచ్చిన పతకాలవి. మీ నెల్లూరు క్లాసులో నేర్పేది స్పీడ్ స్కేటింగా, ఆర్టిస్టిక్కా అని వెంటనే అడగండి. మన ఊళ్లలో ఎక్కువమంది నేర్పేది స్పీడే. స్పీడైతే అంచుల విద్య రాదు, బూటు వేరు, చక్రం వేరు, ఒంటి తీరే వేరు. ఆర్టిస్టిక్ నేర్పేవాళ్లు దగ్గర్లో లేకపోతే వేసవి సెలవుల్లో విశాఖకో హైదరాబాద్‌కో పంపడం, రెండెకరాల తాకట్టుతో పోల్చితే, లెక్కలోకే రాదు.

మంచు రుచి మాత్రం ఒకసారి చూపించండి. దసరాకో సంక్రాంతికో నెల్లూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒకటిన్నర రోజులో ఢిల్లీ. రెండు వారాలు ఉండి, రోజూ రింక్ మీద గంటో రెండు గంటలో ఉండనివ్వండి. బూట్లు అక్కడ అద్దెకిస్తారు. పోటీ స్థాయి బూటూ బ్లేడూ లక్ష రూపాయలు దాటిపోతాయి, ఎదిగే కాలుకు ఇప్పుడు కొనకండి. నాలుగేళ్లు చక్రాల మీద తిరిగిన పిల్ల కదా, మొదటి రోజు బ్రేక్ ఎక్కడుందో తెలియక బోర్లా పడుతుంది. పడనివ్వండి. పదో రోజు కూడా, కాళ్లు బొబ్బలెక్కి కూడా, రింక్ మూసేదాకా బయటికి రానంటే అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఫోన్లో చూసిన గౌను మీద మోజైతే ఆ పది రోజుల్లోనే తీరిపోతుంది, అదీ మంచిదే.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతికి వస్తాను: దాని తమ్ముడు. ఈ ఆటలో అమ్మాయిలకు అన్నిటికంటే కరువైంది డబ్బు కాదు, జోడీ. ప్రపంచమంతా అమ్మాయిలు ఎక్కువ, అబ్బాయిలు తక్కువ. జోడీ కోసం దేశాలు మారతారు. ఐఎస్‌యూ పోటీల్లో వేర్వేరు దేశాల వాళ్లు జంటగా ఆడటానికి వీలుంది గానీ, ఒలింపిక్స్‌లో ఇద్దరూ ఒకే దేశ పౌరులై ఉండాలి. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు కాబట్టి విదేశీ జోడీ దొరికినా చిక్కే. మీ ఇంట్లో నాలుగేళ్లుగా అక్కతో పాటే స్కేట్లు కట్టుకుంటున్న పదకొండేళ్ల కుర్రాడున్నాడు! అమెరికాలో మాయా, అలెక్స్ షిబుతానీ అక్షరాలా అన్నాచెల్లెళ్లు. 2003 ప్రపంచ పోటీలను మంచు పక్కన కూర్చుని చూసి, మరుసటి ఏడాది జత కట్టారు. అప్పటికి ఆమెకు తొమ్మిదో పదో, అతనికి పన్నెండో పదమూడో. 2018 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. 1992లో ఫ్రాన్స్ తరఫున రజతం తెచ్చిన ఇజబెల్, పాల్ డుషెనే కూడా తోబుట్టువులే.

ఇది చదవగానే పిల్లవాణ్ణి పట్టుకుని నువ్వూ చెయ్యాల్సిందే అనకండి. వాడికి క్రికెట్టే ఇష్టమేమో. "అక్కతో కలిసి ఒక చిన్న డాన్స్ ప్రయత్నిస్తావా" అని అడిగి, కాదంటే వదిలెయ్యండి. ఔనన్నాడా, మీకిది ఎంత అదృష్టమో రింకుల చుట్టూ జోడీ కోసం తిరిగే తల్లిదండ్రులను అడిగితే చెబుతారు.

దాంతో మీ ఆవిడ మాటకూ సగం జవాబు దొరుకుతుంది. మిగతా సగం కొట్టిపారెయ్యకండి, ఆమె భయంలో నిజముంది. పదమూడేళ్ల పిల్లను తల్లీతండ్రీ లేకుండా రెండేళ్లు ఎవరి చేతుల్లోనో పెట్టడం నాకు కూడా ససేమిరా ఇష్టం లేదు. కోచ్ ఎవరైనా సరే, శిక్షణ నలుగురూ చూసేచోట జరగాలి, ఫోన్లో మాటలు తల్లిదండ్రుల ఎదుటే ఉండాలి, పోటీలకు వెళ్తే ఇంటివాళ్లు ఒకరు వెంట ఉండాలి. నచ్చని విధంగా ఎవరు ముట్టుకున్నా అమ్మకు చెప్పగలిగే ధైర్యం ఆ పిల్లకు ఇంట్లోనే రావాలి. ఆ మాట అలా ఉంచితే, జంట నాట్యంలో చెయ్యీ నడుమూ పట్టుకోవడం పని, పడిపోకుండా ఆపే పట్టు. ఢిల్లీ ప్రయాణంలో మీ ఆవిడను కూడా తీసుకెళ్లి రింక్ పక్కన రెండు రోజులు కూర్చోబెట్టండి. మా మేనకోడలు కూడా మొదట ఇదే అంది, నెల తర్వాత కూతురి జోడీకి కూడా అన్నం డబ్బా కట్టేది.

ఒంటి గురించి ఒక మాట. వచ్చే రెండు మూడేళ్లలో అమ్మాయి పొడుగు పెరుగుతుంది, ఒళ్లు మారుతుంది. నిన్న వచ్చిన తిరుగుడు ఇవాళ రాదు. ఆ రోజుల్లో బరువు మాట ఇంట్లో ఎవరూ ఎత్తకండి. కోచ్ ఎత్తితే కోచ్‌ని మార్చండి. కడుపు నిండా తిననివ్వండి, చేపల పులుసు మానిపించి ఎవరూ ఛాంపియన్లు కారు. నెలసరి వచ్చాక ఆగిపోయినా, పిక్కల్లోనో మోకాల్లోనో నొప్పి తగ్గకుండా ఉన్నా ఓర్చుకొమ్మనకండి, డాక్టరుకు చూపించండి. వర్చ్యూకు రెండు కాళ్ల పిక్కల్లో కండరాల ఒత్తిడి జబ్బు వచ్చి 2008లో ఒకసారి, 2010లో మరోసారి ఆపరేషన్ చేశారు.

కూచిపూడి మానిపించారా? మీరు రాసిన తీరు చూస్తే అలాగే అనిపించింది. మళ్లీ పంపండి. లయ, చూపు, భుజం, చేతివేళ్ల చివరిదాకా ప్రాణం ఉండటం, ఇవన్నీ అక్కడ మార్కులే. అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ 2009-10లో జానపద నాట్యాల విభాగానికి మన హిందీ సినిమా పాటలు ఎంచుకుని, మన నాట్యం తెలిసినవాళ్ల దగ్గర ముద్రలు నేర్చుకున్నారు. ఆ ఏడు ఒలింపిక్స్‌లో రజతం, 2014లో స్వర్ణం వాళ్లవి. వాళ్లు కష్టపడి అరువు తెచ్చుకున్నది మీ పిల్ల ఒంట్లో మూడేళ్లు ముందే పడింది.

బతుకుతెరువా అన్నారు. పోటీలాడి బతకడం కుదరదు. బయటి దేశాల్లో కూడా చాలామంది జంటలకు ఖర్చే తప్ప రాబడి ఉండదు, వచ్చిన ప్రైజు డబ్బు ఇద్దరూ పంచుకోవాలి. ఆట అయిపోయాక కోచింగ్, కొరియోగ్రఫీ, మంచు మీద ప్రదర్శనలిచ్చే బృందాలు, రింక్ ఉన్న క్రూయిజ్ ఓడలు, జడ్జింగ్, ఇలాంటి దారులున్నాయి. మన దేశంలో ఇంకా అవీ తక్కువే. అందుకని చదువు ఒక్క ఏడాది కూడా ఆగకూడదు. రోలర్ స్కేటింగ్‌కు స్కూల్ గేమ్స్‌లో చోటుంది, ఆ సర్టిఫికెట్లు ఫైల్లో జాగ్రత్తగా దాచండి. విదేశీ రొట్టె ఫలించిన వాళ్లు మరుసటి ఏడు వచ్చి రొట్టె వదలాలి కదా. ఈ రొట్టెకు ఏడాది గడువు చాలదని, ఏడెనిమిదేళ్లు పడుతుందని అమ్మాయికి మీరే చెప్పండి. పక్కన కూర్చోబెట్టుకుని, 18 లక్షలు ఎందుకు కట్టడం లేదో కూడా చెప్పండి. నీ మీద నమ్మకం లేక కాదు, వాళ్ల మీద నమ్మకం లేక అనండి.

బొమ్మ చూశాను. గౌను అంచుల కుచ్చిళ్లు, అబ్బాయి చొక్కా గుండీలు ఎంతో శ్రద్ధగా గీసింది. బ్లేడు మాత్రం స్కేలు పెట్టి తిన్నగా గీసింది. అసలు బ్లేడు అడుగు కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది, పాత ఉయ్యాల కుర్చీ కాళ్లలాగా. ఆ వంపు ఉండబట్టే ఒంటికాలి మీద తిరగగలుగుతారు. ముందు కొసన చిన్న పళ్లుంటాయి. డాన్స్ బ్లేడుకు వెనక తోక పొట్టిగా ఉంటుంది, ఇద్దరి కాళ్లూ అంత దగ్గర్లో ఒకరిదొకరికి తగలకుండా. ఇవన్నీ పెట్టి ఇంకో బొమ్మ గీసి పంపమనండి. ఈసారి కింద మంచు మీద పడే గీత కూడా గీయమనండి, ఏ అంచు మీద పోతున్నారో నాకు తెలియాలి.